మైకులో చెప్పిన ప్రార్థన

“మామ్మా, రికార్డింగ్ మొదలైంది. మొన్న ఆదివారం చర్చిలో అయ్యగారు విజ్ఞాపన ప్రార్థన నిన్ను చెయ్యమంటే, ‘వద్దులెండి’ అని కూర్చుండిపోయావు. ఒకప్పుడు నువ్వు ప్రార్థన చేస్తే జనం ఏడ్చేవారట కదా. ఎందుకు మానేశావు?”

ఎవరు చెప్పేరే నీకు, ఏడ్చేవారని? మీ నాన్న చెప్పుంటాడు. వాడికేం తెలుసు, అప్పటికి వాడు కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీకి కాంట్రాక్టు పనికెళ్ళి వారానికోసారి ఇంటికొచ్చేవాడు. అయినా అబద్ధం కాదులే. ఏడ్చేవారు. నేను లేచి నిలబడి, చెంగు తలమీదికి లాక్కుని, “తండ్రీ” అన్నానంటే చాలు, వెనక వరసలో ముసలమ్మలు ముక్కులు చీదడం మొదలెట్టేవారు. ఇంకా ఏమీ అడక్కముందే.

విజ్ఞాపన అంటే మన గురించి కాదు కదా, పక్కవాళ్ళ గురించి అడగడం. పొరుగువాణ్ణి ప్రేమించండి అని అయ్యగారు గంటసేపు చెప్తారు, చివర్లో ఆ ప్రేమంతా ఎవరో ఒకరు నోటితో చేసి చూపించాలి. అది నా వాటా. నా గొప్పేంటంటే వివరం. మిగతావాళ్ళు “రోగుల్ని బాగుచెయ్యి ప్రభువా” అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. నేనలా కాదు. ఫలానా వీధిలో, ఫలానా వారింట్లో, ఎడమ కాలికి, మోకాలి కింద, బుధవారం ఆపరేషను. ఇంటిపేరుతో సహా చెప్పేదాన్ని. దేవుడికి అడ్రసు తప్పకూడదని నా తాపత్రయం. మీ తాతయ్య అనేవారు, “పోస్టుమేనుకి చెప్పినట్టు చెప్తావేంటే ఆయనకి” అని. ఆయన మనిషే అంత. చర్చిలో వెనకాల తలుపు దగ్గర కూర్చునేవారు, రైసుమిల్లు పనిలో పట్టిన దుమ్ముకి తుమ్ములొస్తే బయటికి పోవడానికి వీలుగా. 

మా పెద్దాడపడుచు ఉండేది, దీనమ్మ, నువ్వు చూళ్ళేదు. ఆవిడ ప్రార్థనకి మోకరిస్తే పొయ్యి మీద అన్నం మాడిపోయేది. ఆవిడదీ నాదీ పోటీ అనుకునేవారు జనం. పోటీ ఏం లేదు. ఆవిడది పొడుగు, నాది వివరం. 

సరే, మైకు సంగతి చెప్పాలి ముందు. అది చెప్పకపోతే మిగతాది నీకు అందదు. పిడికెడు బియ్యం తెలుసుగా. ఇప్పుడు మీ అమ్మ కుక్కర్లో గ్లాసుతో కొలిచి పోసేస్తోంది గాని, అప్పుడు ప్రతి పూటా వంటకి బియ్యం తీసినప్పుడు అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా చిన్న కుండలో వేసేవాళ్ళం. మనం తినేదాంట్లోంచే తియ్యాలి, మిగిలినదాంట్లోంచి కాదు. నెలాఖరుకి ఆ కుండలు చర్చికి పట్టుకెళ్ళి ఒకచోట పోసేవాళ్ళం. లేనివాళ్ళకి కొంత, అయ్యగారింటికి కొంత. ఒకేడాది ఆడవాళ్ళ కూటంలో అనుకున్నాం, ఈసారి సగం అమ్మి మైకు సెట్టు కొందామని. నేనే గట్టిగా వాదించేను, ఎందుకు దాచడం. అప్పుడు సన్నబియ్యం కిలో పన్నెండు పదమూడు ఉండేది, మావి ముతకవి, ఇంకా తక్కువే. ఎలాగో సెకండ్‌హ్యాండులో ఒక యాంప్లిఫయరూ, ఒక హారనూ, ఒక మైకూ వచ్చేయి. శుక్రవారం ప్రార్థన కూటం ఎవరింట్లో అయితే వాళ్ళ డాబా మీద హారను. మా ఇంటి వంతు వచ్చినప్పుడు అయ్యగారే నిచ్చెనెక్కి కట్టేరు. మూతి పెద్ద వీధి వైపు తిప్పేరు, అక్కడ రైతులకి కూడా మాట అందాలని. అందింది. అందకపోవడమేంటి.

ఇక నూకరత్నం. మన గోడవతల నూకరత్నం మామ్మే. ఇప్పుడు రోడ్డు పక్కన గొడుగు కింద బల్ల వేసుకుని, కరెంటు కాటా పెట్టుకుని దర్జాగా కూర్చుంటుంది గాని, అప్పుడు తెల్లారకట్ల బస్సుకి కాకినాడ రేవుకి పోయి, చేప కొనుక్కుని, నెత్తిన గంప పెట్టుకుని నాలుగూళ్ళు తిరిగేది. వాళ్ళు మావాళ్ళు కాదు, సముద్రం మీద బతికేవాళ్ళు. రేవు పక్క ఇల్లు ఉప్పెనకి పోతే ఇక్కడ మా పేట చివర జాగా కొనుక్కున్నారు. మొగుడు సింహాద్రి బోటు మీద వేటకెళ్ళేవాడు. 

వచ్చిన కొత్తలో దానికీ నాకూ రోజూ తగువే. అది చేప తోమిన నీళ్ళు మన వాకిట్లోకి వచ్చేవి. “మీ పొలుసులన్నీ మా గుమ్మంలోనే ఏరుకోవాలా?” అంటే, “మీ పాటలన్నీ మేం వినట్లేదా వదినా, పొలుసులు కడిగితే పోతాయి” అనేది. అలా తిట్టుకుంటూ తిట్టుకుంటూనే దగ్గరయ్యేం. నన్ను వదినా అనేది కాబట్టి సింహాద్రి నాకు తమ్ముడి వరస. నన్ను అక్కా అనేవాడు. మనిషి మహా మాటకారి, ఏదో ఒకటి అనకుండా దడి దాటేవాడు కాదు. 

నువ్వు ఇదే అడుగుతావని నాకు తెలుసు. అందుకే నిన్న సాయంత్రం నూకరత్నాన్ని గోడ దగ్గరకి పిలిచి అడిగేను, మనవరాలు ఏదో ఫోన్లో పెట్టుకుంటుందట, నీ సంగతి చెప్పనా అని. “ఊరంతా విన్నదే కదా, ఇంకా దాచేదేముంది” అంది. కాబట్టి చెప్తున్నాను. లేకపోతే చెప్పేదాన్ని కాదు. 

ఒకరోజు మధ్యాహ్నం కుళాయి దగ్గర బిందె పెట్టుకుని కూర్చున్నాం ఇద్దరమే. నీళ్ళు సన్నంగా వస్తున్నాయి. అది ఎటో చూస్తూ అంది, “వదినా, మీ తమ్ముడికి తెమడ పరీక్షలో టీబీ అని వచ్చింది. ఆర్నెల్ల మందు. రెండు నెలలు మింగేడు. నువ్వు మీ దేవుడికో మాట చెప్పు. మా దేవుడికి నేను చెప్పుకున్నానులే, అన్నవరం మొక్కుకున్నాను. కానీ ఎక్కడా అనకు. తెలిసిందంటే నా చేప ఎవరూ ముట్టుకోరు.”

“నా కడుపులోనే ఉంటుంది” అన్నాను. ఉంచేను కూడా. మీ తాతయ్యకి చెప్పలేదు, దీనమ్మకి చెప్పలేదు. దీనమ్మకి చెప్పకుండా ఉండడం ఎంత కష్టమో నీకు తెలీదు. వంట చేస్తున్నప్పుడల్లా పిడికెడు తీస్తూ వాడి పేరు అనుకునేదాన్ని. వాడి దగ్గు గోడవతల్నుంచి వినిపించేది. అంతవరకూ బాగానే ఉంది.

ఆ శుక్రవారం, కాదు కాదు, ఆ పై శుక్రవారం, కూటం మా ఇంట్లో. మైకు నా చేతికొచ్చింది. ఎవరెవరి మనవులో అయిపోయేయి, కాలు ఆపరేషనూ, కోర్టు కేసూ, మిల్లులో ఉద్యోగం పోయినాయన. నాకు బాగా దుఃఖం పొంగింది ఆ రోజు. నా పొరుగింటివాడి కోసం కదా, అందరికన్నా వాడి కోసమే అడగాలి కదా అనిపించింది. “తండ్రీ, మా గోడ పక్కనే ఉన్న సింహాద్రి, చేపలమ్మే నూకరత్నం భర్త, టీబీతో మూలుగుతున్నాడు ప్రభువా, రెండు నెలల్నుంచి మందులు మింగుతున్నాడు, దగ్గితే రక్తం పడుతోంది” అని మొదలెట్టేను. రక్తం పడుతోందని నాకెవరూ చెప్పలేదు. అది నేనే కలిపేను. అలా అంటే బలంగా ఉంటుందని కలిపుంటాను, ఇప్పుడు ఆలోచిస్తే. 

దేవుడితో చెప్పడం బయట చెప్పడం కాదు కదా అనుకున్నానా అంటే, అలా అనుకోను కూడా అనుకోలేదు. కళ్ళు మూసుకున్నాక మన ఎదురుగా మనుషులుండరు. నాకైతే ఉండేవారు కాదు. అదీ జరిగింది. ఆమెన్ అన్నాక అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, వచ్చి నా చెయ్యి పట్టుకుని “ఎంత భారంతో చేశారండి” అన్నారు. నేను ఆ సాయంత్రం తృప్తిగా అన్నం తిన్నాను. 

మర్నాడు పది గంటలకి నూకరత్నం గంప తిరిగొచ్చేసింది. రోజూ ఒంటిగంటకి ఖాళీ గంపతో వచ్చే మనిషి. నేను అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్నాను. వచ్చి నా ఎదురుగా దించింది. చందువలు, కింద జెల్లలు, పైన తడిగుడ్డ. ఒక్క చేప కదల్లేదు. పెద్ద వీధిలో మాస్టారుగారి భార్య మహాలక్ష్మిగారు గుమ్మంలోంచే, “ఇటు రావద్దమ్మా కొన్నాళ్ళు, పిల్లలున్న ఇల్లు” అందట. ఆవిడ వెనకే మిగతా ఇళ్ళూ. మిగతా మూడూళ్ళూ పోలేదు ఆ రోజు, కాళ్ళు రాలేదంది. 

తిడుతుందనుకున్నాను. దాని నోరు నీకు తెలుసు. తిట్టలేదు. “వదినా, మీ దేవుడికి చెవుడా?” అంది. 

 

“చెవుడు కాకపోతే, నేను నీకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్తే వినపడదా? హారను కట్టి చెప్పాలా?” అని, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎత్తుకోవడానికి ఎప్పుడూ నేను ఒక చెయ్యి వేసేదాన్ని. ఆ రోజు చెయ్యి వెయ్యబోతే గంప అవతలికి జరుపుకుంది. మోకాలు నేలకానించి ఒక్కతీ ఎత్తుకుంది. చేపలు కాలువ గట్టు మీద కాకులకి పోసిందని మీ తాతయ్య చెప్పేరు.

“నువ్వు మంచికే కదా మామ్మా చేశావు. అందులో తప్పేముంది?”

అదే. మంచికే. ఆ మాటే నాకు పదిరోజులు అడ్డం కూర్చుంది. నువ్వు కాలేజీలో డిబేట్లు గెలిచినట్టు నేనూ నాతో వాదించుకుని గెలిచేను. నేను చేసింది ప్రార్థన. ప్రార్థన తప్పెలా అవుతుంది? చేప కొననిది పెద్ద వీధివాళ్ళు, వాళ్ళది తప్పు. టీబీ చేపకి అంటదని తెలీనిది వాళ్ళకి, నాకు కాదు. ఇలాగ. అయ్యగారి దగ్గరికెళ్తే, “మీ మనసు దేవుడికి తెలుసు, దిగులు పడకండి, దీని గురించి కూడా ప్రార్థన చేద్దాం” అన్నారు. మంచాయనే పాపం, ఆయనకి తెలిసిన పని అది. ఇంటికొచ్చి మీ తాతయ్యతో అంటే, “అమ్ముడుపోనిది ఆవిడ చేపలైతే మీరంతా కలిసి నీ మనశ్శాంతికి ప్రార్థన చేస్తారేంటి?” అన్నారు. నాకు వొళ్ళు మండి రెండు పూటలు ఆయనతో మాట్లాడలేదు. 

పై శుక్రవారం దీనమ్మ ఇంట్లో కూటం. ఒకావిడ లేచి, నూకరత్నం మనసు మెత్తబడాలని విజ్ఞాపన చేద్దామంది. అందరూ నా వైపే చూసేరు. మైకు చేతికిచ్చేరు. పైన హారను ఉంది. నేను మైకు స్విచ్చి కట్టేసి కింద పెట్టేసేను. “మనసు గట్టిపడింది ఆవిడది కాదు” అన్నాను. ఏదో అనాలని అన్నాను, పెద్ద జ్ఞానోదయమయ్యి కాదు. దీనమ్మ మైకు తీసుకుని పొడుగ్గా చేసేసింది, వేరే సంగతుల మీద. 

అప్పటికీ నేను ఏమీ చేద్దామనుకోలేదు. చేయించింది సిస్టరు. సబ్ సెంటర్లో మందులిచ్చే సిస్టరు, ఎక్కడో కోరుకొండ వైపు పిల్ల, సైకిలు మీద తిరిగేది. సోమవారం పొద్దున్న మా గుమ్మంలో ఆగి, “మీ పక్కింటాయన ఇవాళ్టితో కలిపి నాలుగు సార్లు మందుకి రాలేదండి. తలుపు కొడితే పలకట్లేదు” అంది. అప్పట్లో ఆ మందు వారానికి మూడుసార్లు, సబ్ సెంటర్లో బల్ల మీద కూర్చుని సిస్టరు చూస్తుండగా మింగాలి. “మధ్యలో ఆపేస్తే రోగం మొండికేస్తుందండి. అప్పుడు ఈ మందులు పనిచెయ్యవు. ఆయన దక్కడు” అంది. గట్టిగా కూడా అనలేదు, కూరగాయలు లేవన్నట్టు అంది. 

చేపలు కాకులకి పోసినప్పుడు నాకు వాదన ఉంది. దీనికి వాదన దొరకలేదు. 

ఆ నెల కుండ ఇంకా చర్చికి ఇవ్వలేదు నేను. అందులో బియ్యం, ఇంకో రెండు శేర్లు కలిపి, కొంగు కప్పి నూకరత్నం ఇంటికి పట్టుకెళ్ళేను. అది బియ్యం వైపు చూసి, “ఎందుకివి?” అంది. “ఉంచు” అన్నాను. “నేనేమన్నా అడుక్కున్నానా? బియ్యం కాదు, నా బేరాలు తెచ్చిపెట్టు. నువ్వు పోగొట్టినవి అవి” అంది. ఆ గుమ్మంలో నిలబడి మోసుకొచ్చిన బియ్యం తిరిగి మోసుకుంటూ వచ్చేను. ఎదురింటివాళ్ళు చూసేరు. చూస్తే చూసేరు. 

సింహాద్రి పెరట్లో ఉన్నాడు, వల ముందేసుకుని. వల బాగుచెయ్యట్లేదు, ఊరికే ముందుంది. సిస్టరు మాట చెప్పేను. “అక్కా, సబ్ సెంటరు బల్ల మీద కూర్చుంటే ఊరంతా నా గుండెల్లోకి చూస్తోంది. ఒకడు రక్తం ఎంత పడుతోందని అడిగేడు. నాకసలు రక్తమే పడలేదు” అన్నాడు. నేను కలిపిన రక్తం అది. 

“మా వంటింట్లో కూర్చుని మింగు. సిస్టరు ఒప్పుకుంది, పక్కింటివాళ్ళెవరైనా దగ్గరుండి మింగించొచ్చట. పెరటి దడిలోంచి వచ్చెయ్యి, ఎవరూ చూడరు” అన్నాను. 

“నువ్వు చూస్తావుగా?” 

“చూస్తాను. నోరు మూసుకుని చూస్తాను.” 

వాడు నవ్వేడో దగ్గేడో తెలీలేదు. ఆ బుధవారం రాలేదు. శుక్రవారం వచ్చేడు. 

ఇక నాలుగు నెలలు అదే పని. సోమ, బుధ, శుక్ర, పొద్దున్న ఏడింటికి. నేను అప్పట్లో హాస్టల్లో వంటమనిషిని, పనికి వెళ్ళాలి కాబట్టి ఏడు దాటకూడదు. పీట వేసేదాన్ని, నీళ్ళ చెంబు పెట్టేదాన్ని, కిటికీ తెరిచేదాన్ని, సిస్టరు చెప్పింది గాలి ఆడాలని. ఎర్ర మాత్ర, తెల్ల మాత్ర, ఇంకోటేదో. ఒక్కొక్కటి మింగి నోరు తెరిచి చూపించాలి. నేను కార్డు మీద టిక్కు పెట్టాలి. నాకు నవ్వొచ్చేది, ఆ మనిషి నోరు తెరిచి చిన్నపిల్లాడిలా నాలుక ఎత్తి చూపిస్తుంటే. మందు వేడికి వాంతులయ్యేవి, కాసిని మజ్జిగ ఇచ్చేదాన్ని. ఒకరోజు వాడు, “ఏంటక్కా, ఇవాళ ప్రార్థన లేదా?” అన్నాడు. “లేదు, నీళ్ళు తాగు” అన్నాను. నేను ఆ నాలుగు నెలల్లో వాడి ముందు ఒక్కసారి కూడా కళ్ళు మూసుకోలేదు. కళ్ళు మూసుకుంటే మాత్ర కింద పడేస్తాడేమోనని ఒక భయం కూడా ఉందనుకో. మహా దొంగ. 

బేరాల సంగతి ఇంతకన్నా కష్టం. మొదటిరోజు నూకరత్నం గంపెత్తుకుని బయల్దేరితే నేను వెనకాల నడిచేను. “ఎక్కడికి?” అంది. “నువ్వు వెళ్ళే చోటికే” అన్నాను. “పక్కన రాకు” అంది. సరే, పది అడుగులు వెనకాల. దారంతా వెనక్కి తిరగలేదు. పెద్ద వీధిలో మామూలుగా నేను ఏ అరుగూ ఎక్కను, నువ్వు ఇప్పుడు వాళ్ళ పిల్లలతో కలిసి బస్సెక్కుతున్నావు గాని, అప్పుడు మేం వీధిలో నిలబడే మాట్లాడాలి. మహాలక్ష్మిగారి గుమ్మం ముందు నిలబడి చెప్పేను. “అమ్మగారండి, మొన్న మైకులో ప్రార్థన చేసింది నేనేనండి. ఆవిడ భర్తకి జబ్బున్న మాట నిజమేనండి. మందులు మింగుతున్నాడండి. ఇప్పుడది ఎవరికీ అంటదని సిస్టరు చెప్పిందండి. చేపకి అసలే అంటదు. రక్తం పడుతోందన్నది నా కల్పనండి. రోజూ ఈవిడ చేపే మా ఇంట్లో వండుతున్నానండి.” 

ఆవిడ తాపీగా విని, “మైకులో చెప్పిందీ నువ్వే, కాదనేదీ నువ్వే. ఏది నమ్మమంటావమ్మా?” అంది. చదువుకున్న ఇల్లు కదా, ప్రశ్న సరిగ్గానే ఉంది. 

“మైకులో చెప్పింది సగమేనండి. మిగతా సగం చెప్పడానికి నడిచొచ్చేను” అన్నాను. 

తలుపేసుకుంది. అలా పద్నాలుగిళ్ళు. హాస్టల్లో సెలవు పెట్టుకుని, ఆ వారమంతా, ఆ తరవాత ఆదివారాలు చర్చి అయ్యాక. అదే మాట, ఇల్లిల్లూ. చెప్పి చెప్పి నాకు ప్రార్థన కన్నా బాగా నోటికొచ్చేసింది. మొదట కొన్నది వీధి చివర ఒక ముసలావిడ, కళ్ళు సరిగ్గా కనపడేవి కావు. “ఈ వయసులో నాకు కొత్త రోగాలేం వస్తాయే, జెల్లలున్నాయా?” అంది. తరవాత ఒకావిడ, జబ్బుంది కదాని కిలోకి పది తగ్గించమంది. నూకరత్నం కాటా కింద పెట్టేసి, “జబ్బు మా ఆయనకండి, చందువకి కాదు. చందువ రేటు చందువదే” అంది. ఆవిడ సణుక్కుంటూ పూర్తి రేటు ఇచ్చింది. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు పది అడుగులు నాలుగయ్యేయి. నేను దగ్గరికెళ్ళలేదు, అదే నెమ్మదిగా నడిచింది. 

మహాలక్ష్మిగారిల్లు మాత్రం మళ్ళీ రాలేదు. ఆవిడ పోయేదాకా వేరేచోటే కొనుక్కుంది. అన్నీ తిరిగి రావు కదా. వాళ్ళింట్లో శుభకార్యాలకి కూడా చేప దీని దగ్గరే తీసుకునేవారు అంతకు ముందు. 

ఆర్నెల్లు అన్నది, మధ్యలో ఆపినందుకు ఏడు నెలలు పట్టింది. చివర్లో పరీక్ష చేస్తే ఏమీ లేదని వచ్చింది. కార్డు తెచ్చి సింహాద్రి మా వంటింట్లో పీట మీద పెట్టి, ఆ పూట కూడా అలవాటు కొద్దీ నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించేడు. బోటెక్కేడు మళ్ళీ. ఆ తరవాత పన్నెండేళ్ళు బతికేడు, పోయింది గుండెపోటుకి, అదీ ఒడ్డు మీదే, టీ తాగుతూ. 

ఎవరి దేవుడు బాగుచేసేడని నేనూ నూకరత్నం ఎప్పుడూ లెక్క తేల్చుకోలేదు. అది అన్నవరం వెళ్ళి మొక్కు తీర్చుకుంది. వచ్చిన సాయంత్రం గోడ మీంచి ఒక అరటిపళ్ళ అత్తం అందించింది. నేను చెయ్యి చాపడానికి ఒక్క క్షణం ఆగేను. మనం ప్రసాదం తినం కదా, ఎలా చెప్పాలా అని. అది కనిపెట్టేసింది. “కొండ దిగేక కింద కొట్లో కొన్నాను వదినా. దేవుడికి చూపించలేదు. మీరు తినరని ప్రసాదం నీ కోసం తీసుకోలేదు” అంది. 

నేనా అత్తం పట్టుకుని లోపలికొచ్చి, వంటింట్లో పీట మీద పెట్టేను. నేను అడక్కుండానే నా పట్టింపు అది గుర్తుపెట్టుకుంది, ఆ కొండ మీద, మొక్కు తీర్చుకునే హడావిడిలో కూడా. ఎక్కడా అనకని అది అడిగి మరీ చెప్పిన మాట నేను దాచలేకపోయేను. ఇంతకన్నా నాకు చెప్పడం రాదు. అయ్యగారు చేసిన ఏ ప్రసంగమూ నాకు అంత గట్టిగా తగల్లేదు. 

అప్పట్నుంచి పేరు పెట్టి పైకి చెయ్యడం నా వల్ల కాలేదు. ఒకట్రెండు సార్లు నిలబడ్డాను. “తండ్రీ” అనేసరికి ఎదురుగా అందరూ కనపడుతున్నారు, కళ్ళు మూసినా. కూర్చుండిపోయేను. తప్పని కాదు, చేసేవాళ్ళు చెయ్యనీ. మన చర్చి వాట్సాప్ గ్రూపులో రోజూ పెడుతున్నారుగా, ఫలానా అమ్మాయికి ఫలానా సమస్య, ఫొటోతో సహా, కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు. ఆ అమ్మాయిని అడిగి పెట్టేరా అని నేననుకుంటాను. అనుకుని ఊరుకుంటాను. నువ్వైతే అడుగు, నీకు నోరుంది. 

ఇక అసలుది. నూకరత్నం నాతో మాట్లాడుతుంది, నువ్వు చూస్తూనే ఉన్నావు. గోడ మీంచి జోకులేస్తుంది, నా మోకాళ్ళకి నూనె కాచి ఇస్తుంది, మీ తాతయ్య పోయినప్పుడు పదకొండు రోజులు మనింట్లోనే వండింది. ఏ లోటూ చెయ్యలేదు. కానీ ఆ కుళాయి దగ్గర చెప్పింది చూడు, ఎటో చూస్తూ, అలాంటి మాట మళ్ళీ ఒక్కటి కూడా నాకు చెప్పలేదు. ఇరవై ఏళ్ళ పైమాటే. రొయ్య ధర చెప్తుంది, కరెంటు బిల్లు చెప్తుంది. లోపలిది చెప్పదు. కోపం కాదది, కోపమైతే పోయేది. నా దగ్గర పెట్టకూడదని తెలుసుకుంది, అంతే. మొన్న రెండు రోజులు బల్ల వెయ్యలేదు. కళ్ళు వాచి ఉన్నాయి. నేను అడగలేదు. అడిగే హక్కు నాకుందో లేదో నాకు తెలీదు. 

రోజూ పొద్దున్నే లేచి మంచం మీద కూర్చుని, లోపలే, “తండ్రీ, నూకరత్నం” అంటాను. అక్కడ ఆగిపోతాను. ఆ తరవాత ఏం అడగాలో నాకు తెలీదు. కాలా, కడుపా, కూతురా, అప్పా, ఏంటో తెలీదు. ఒకప్పుడు ఊరందరి రోగాలూ ఇంటిపేర్లతో సహా చెప్పినదాన్ని. ఇప్పుడు ఆ ఒక్క పేరు చెప్పి కాసేపు అలా కూర్చుంటాను, ఆయనకి తెలుసు కదాని. వింటున్నాడనే నా నమ్మకం. 

నువ్వు బాగా చదువుకోవాలి తల్లీ, ఉద్యోగం రావాలి, ఆరోగ్యంగా ఉండాలి, అవన్నీ దేవుడిస్తాడు. నేను నీకోసం అడిగేది ఒకటే. ఎవరో ఒక మనిషి నీ పక్కన కూర్చుని, ఎటో చూస్తూ, తన లోపలి మాట నీకు చెప్పుకోవాలి. చెప్పుకున్నాక లేచి వెళ్ళేటప్పుడు ఆ మనిషికి భయం ఉండకూడదు. అంతటి దానివి కావాలి నువ్వు.